పరీక్షకు పనికొచ్చిన పన్ను

ఆ కుట్టు దుకాణంలో అందరూ ఆవిడను అక్క అనే పిలిచేవారు. ఆవిడ కంటే వయసులో పెద్దవాడైన యజమాని కూడా అక్కా అనే అనేవాడు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, నడుము దగ్గర వదులు చేయడం ఆవిడ పని. ఇంట్లో కూడా అక్కే, కానీ దుకాణంలో ఆ పిలుపులో ఉన్న చనువు ఇంట్లో ఉండేది కాదు. ఉంటున్నది తమ్ముడి దగ్గర. అంతకుముందు అద్దెకున్న భవనాన్ని పడగొట్టేస్తే, వేరే గది దొరికేదాకా అని వచ్చింది. దొరకలేదో, తనే సరిగ్గా వెతకలేదో, ఆ దొరికేదాకా అన్నది ఏళ్ళకు సాగింది. బట్టలుతికే మెషీను పక్కనున్న సన్నటి గది ఆవిడకిచ్చారు. మెషీను తిరుగుతుంటే మంచం కూడా వణికేది.

మరదలు మాట తూలే మనిషి కాదు. మీరు అనే తప్ప నువ్వు అన్నది లేదు. అయితే "వదిన తిన్నారా?" అని భర్తను అడిగేదే గాని, ఎదురుగా ఉన్న వదినను అడిగేది కాదు. ఇంట్లో ఉన్న కుర్చీ మీద ఎవరికి మాత్రం కోపం ఉంటుంది? అక్క ఆ ఇంట్లో అలాగే ఉండేది.

మరదలు పళ్ళ డాక్టరు చదువు వేరే దేశంలో చదివింది. ఇక్కడ వైద్యం చేయాలంటే ఇక్కడి లైసెన్సు పరీక్ష గట్టెక్కాలి. అందాకా ఒక క్లినిక్‌లో సహాయకురాలిగా చేరింది. డాక్టరు చెయ్యి చాపితే పనిముట్టు అందించడం, రోగి నోట్లో ఊరే ఉమ్మిని గొట్టంతో లాగడం. ఒకరోజు ఆ డాక్టరు రోగితో, "మా సహాయకురాలు కూడా డాక్టరేనటండోయ్, జాగ్రత్త" అని నవ్వాడు. రోగి కూడా నోరు తెరిచి ఉన్నంతలో నవ్వాడు. మరదలు ఇంటికొచ్చి ఆ రోజు అన్నం ముట్టలేదు.

రాత పరీక్ష మొదటిసారే దాటేసింది. చేతి పరీక్షలో పోయింది. పరీక్షకు రోగిని అభ్యర్థే వెంటబెట్టుకుపోవాలి. ఆ రోగికి వాళ్ళు చెప్పినట్టే పుచ్చిన పన్ను ఒకటి ఉండాలి: రెండు దవడ పళ్ళు ఆనుకున్న చోట పుచ్చు ఉండాలి, ఎక్స్‌రేలో కనబడాలి, నరం దాకా పోకూడదు, నొప్పి అసలే ఉండకూడదు. అంతకుముందు ఎవరూ దాన్ని ముట్టుకుని ఉండకూడదు. తొలిసారి తీసుకెళ్ళినాయన పన్ను అప్పటికే లోతుగా పుచ్చిపోయిందని గుమ్మంలోనే తిప్పి పంపేశారు. రోగి లేడు కాబట్టి పరీక్షా లేదు.

ఆ తర్వాత మరదలికి మనుషులు కనబడటం మానేసి నోళ్ళే కనబడేవి. బస్సులో ఎవరైనా ఆవలిస్తే మెడ చాచి చూసేది. కూరగాయల దుకాణంలో డబ్బు తీసుకునే అమ్మాయి నవ్వితే చిల్లర మరిచిపోయేది. పక్కింటావిడ ఏదో చెబుతుంటే ఊఁ కొడుతూ కింది వరుస పరీక్షగా చూసి, ఏమీ లేదని తేలగానే లోపలికి వచ్చేసేది. ఆవిడ ఇంకా చెబుతూనే ఉండేది.

తీరా అలాంటి పన్ను ఇంట్లోనే దొరికింది. ఒక సెలవు రోజు భోజనాల దగ్గర తమ్ముడు తను పనిచేసే గోడౌన్‌లో మేనేజరు నిచ్చెన మీద ఇరుక్కుపోయిన సంగతి చెబుతుంటే అక్క తల వెనక్కి వాల్చి నవ్వింది. మరదలి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"వదినా, అలాగే ఉండండి. నోరు మూయొద్దు."

అక్క నోట్లో ముద్ద అలాగే ఉంది. మరదలు ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోను దీపం వేసి, చెంచా కాడతో బుగ్గ పక్కకు లాగి చూసింది. "మింగేయండి" అని, మళ్ళీ చూసింది. మర్నాడే క్లినిక్ తెరవకముందు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీసింది. ఫిల్ము వెలుతురుకు పట్టుకుని చూస్తూ, "వదినా, ఎంత చక్కటి పుచ్చండీ" అంది. పెళ్ళయి వచ్చాక అక్కలో ఒకటి బాగుందని మరదలు అనడం అదే మొదలు.

"తీసేయాలా?" అంది అక్క.

"అయ్యో, ముట్టుకోనిస్తానా. పరీక్ష దాకా అది అలాగే ఉండాలి. ఎవరికీ చూపించకండి, ఎక్కడికీ వెళ్ళకండి. నేనే నా చేత్తో బాగు చేస్తాను. ఉంటారు కదూ?"

"ఎక్కడికి పోతాను?" అంది అక్క.

ఇక అక్కడి నుంచి అక్క దశ తిరిగింది. ఆవిడకు నిద్ర సరిగ్గా పట్టాలని వీధి వైపు కిటికీ ఉన్న గది ఇచ్చారు. అక్కడ బట్టలు ఇస్త్రీ చేసుకునే తమ్ముడు తన బల్ల తీసుకుని మెషీను గదిలోకి మారాడు. తీపి తగ్గించారు, అందరికీ కాదు, అక్కకు. సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి బల్ల మీద ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు, కోసిన ఆపిల్ ముక్కలు ఉండేవి. మరదలు ఎదురుగా కూర్చుని, "తినండి వదినా" అనేది. దారం పళ్ళతో తెంపకూడదని ఒట్టు వేయించుకుంది. చిన్న కత్తెర కొని, తాడు కట్టి అక్క మెళ్ళో వేసింది.

దుకాణంలో పక్క మెషీను మీద కుట్టే స్నేహితురాలు ఆ కత్తెర చూసి ఆరా తీసింది. విని విరగబడి నవ్వింది.

"ఆడపడుచు పళ్ళు రాలగొట్టాలని ప్రతి మరదలికీ ఉంటుంది. మీ మరదలు అదే పనికి లైసెన్సు తెచ్చుకుంటోంది" అంది.

అక్క కూడా నవ్వింది, కానీ ఆ మాట తమ్ముడికి చెప్పలేదు. ఎవరో ఒకరు తన కోసం కళ్ళలో వత్తులేసుకుని చూస్తుంటే ఎగతాళి చేయడం ఆవిడకు నచ్చలేదు.

పొద్దున్నే కుట్టుకు వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక, అక్క పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేది, మరదలు వంటగట్టు తుడుస్తూ జవాబులు చెప్పేది. మొదట్లో అక్కకు మాటలు నోరు తిరిగేవి కావు. పోనుపోను, మరదలు తడబడితే అక్కే అందించేంత అయింది. "గుంట తవ్వుతుండగా ఎర్ర చుక్క కనిపిస్తే?" అని అక్క అడిగితే, "నరం బయటపడినట్టు. చెయ్యి ఆపేయాలి. పరీక్షకురాలిని పిలవాలి" అని మరదలు అనేది. "అప్పుడు?" "అప్పుడు పరీక్ష పోయినట్టే వదినా." ఇద్దరూ నవ్వుకునేవారు.

సెలవు రోజుల్లో సాధన. అక్క వాలుకుర్చీలో పడుకుంటే మరదలు పంటికి ఉమ్మి తగలకుండా నోటికి రబ్బరు గుడ్డ బిగించి, ఇనప కొక్కెం పంటికి తగిలించి, గడియారం ముందు పెట్టుకుని, తవ్వకుండానే తవ్వుతున్నట్టు చేతులు ఆడించేది. పూట గడిచిపోయేది. దవడలు పట్టేసి అక్క ఆ రోజంతా జావ తాగేది. తమ్ముడు ఒకసారి తొంగిచూసి, "అక్క నోరు తెరిచి కూడా మాట్లాడకుండా ఉండటం ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. రబ్బరు గుడ్డ వెనకనుంచి అక్క ఏదో అంది. అందరికీ అదో సరదా.

పరీక్ష దగ్గరికి వచ్చేసరికి వాయిదా పడింది. పరీక్ష పెట్టే భవనంలో నీళ్ళ గొట్టాలు మారుస్తున్నారట, వచ్చే విడతకు జరిపారు. మరదలు ఆ కబురు చదివి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత అక్క బుగ్గకేసి చూసింది.

పన్నుకు వాయిదాలు తెలియవు కదా. ఒక పొద్దున్న అక్క నీళ్ళు పుక్కిలిస్తుంటే దవడ లోంచి చెవిలోకి సూది దిగినట్టయింది. సింకు అంచు పట్టుకుని నిలబడింది. పక్క గదిలో మరదలు పాఠం వల్లెవేస్తోంది. పిలుద్దామని నోరు తెరిచింది. పిలిస్తే ఏమవుతుందో కూడా అప్పుడే తోచింది: నొప్పి ఉన్న పన్ను పరీక్షకు పనికిరాదు. పన్ను పనికిరాకపోతే కిటికీ ఉన్న గది దేనికి? ఆపిల్ ముక్కలు దేనికి? అక్క నోరు మూసి, మొహం కడుక్కుని బయటికి వచ్చింది.

ఆ తర్వాత నొప్పి, పెంచుకున్న పిల్లిలా, వేళకు వచ్చేది. అక్క రెండో వైపు నమలడం అలవాటు చేసుకుంది. స్నేహితురాలి దగ్గర నొప్పి మాత్రలు అడిగి కొంగున కట్టుకుంది. "చెప్పవే మీ మరదలితో, ఇంట్లో డాక్టరును పెట్టుకుని ఇదేం ఖర్మ?" అని స్నేహితురాలు తిట్టింది.

"చెబితే పాపం ఇంకో ఏడాది వెనక్కి పోతుంది" అంది అక్క. చెప్పిన కారణం అబద్ధం కాదు, కాని పూర్తి కారణం అది కాదు.

ఇంతలో ఒక చిత్రం జరిగింది. సాయంత్రం పాలు గోరువెచ్చగా రావడం మొదలైంది. ఆపిల్ ముక్కల బదులు ఉడికించి మెత్తగా చేసిన గుజ్జు వచ్చింది. అక్కకు కళ్ళు చెమర్చాయి. ఎంత అరచేతుల్లో పెట్టుకుని చూసుకుంటోందో అనుకుంది. ఒకరోజు తమ్ముడు పొరపాటున ఆ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు.

"ఇదేంటి, అక్కకు చల్లటి పాలు కదా ఇష్టం. వేడి చేశావెందుకు?"

అప్పుడే తుడిచిన గట్టునే మరదలు మళ్ళీ తుడిచింది. అక్క ఆ గుడ్డ అటూ ఇటూ తిరగడం చూస్తూ కూర్చుంది. ఆవిడకు అర్థమైంది. చల్లటిది తగిలితే జివ్వుమంటుందని మరదలికి తెలుసు. నమలలేదని తెలుసు. డాక్టరు కదా, అందరికంటే ముందే తెలిసి ఉంటుంది. నొప్పిగా ఉందా అని అడగలేదంటే, అడిగితే అక్క చెబుతుందేమోనని. చెబితే వినాల్సి వస్తుందని. అక్క పాలగ్లాసు అందుకుని చివరి బొట్టు దాకా తాగింది. "బావున్నాయి" అంది.

పరీక్ష రోజు పొద్దున్న అక్క రెండు మాత్రలు ఒకేసారి మింగింది. మరదలు బస్సులో చెప్పింది, "పంటి మీదికి చల్లగాలి ఊదుతారు వదినా. పంటి మీద తట్టి చూస్తారు. అందరికీ చేసేదే. కదలకుండా ఉంటే చాలు." అలా చెబుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూసింది.

పెద్ద హాలులో వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీలో నోరు తెరిచిన ఒక మనిషి. పక్క కుర్చీలో ఒక ముసలాయనను వద్దని లేపేస్తుంటే ఆయన్ను తెచ్చిన అభ్యర్థి, "ఒక్కసారి మళ్ళీ చూడండి" అని వెంటపడుతున్నాడు. అక్క దగ్గరికి వచ్చిన పరీక్షకురాలు పెద్దావిడ, మెత్తగా మాట్లాడే మనిషి.

"నొప్పి ఏమైనా ఉందా అమ్మా?"

"లేదండి."

"ఎప్పుడైనా? చల్లటి నీళ్ళు తాగితే?"

"లేదండి."

గాలి ఊదింది. అక్క పంటి బిగువున భరించాల్సింది, ఆ పళ్ళు బిగించే వీలు కూడా లేదు. నోరు తెరిచే ఉండాలి. కుర్చీ కింద కాళ్ళ వేళ్ళు ముడుచుకుంది. ఇనప కాడతో పంటి మీద రెండుసార్లు తట్టింది. ఒక కంట్లోంచి నీళ్ళు కారి చెవిలోకి పోయాయి.

"దీపం కళ్ళలో పడుతోందండి" అంది అక్క.

పరీక్షకురాలు ఆవిడ మొహం కేసి, మరదలి మొహం కేసి చూసింది. కాగితం మీద సంతకం పెట్టి పక్క కుర్చీకి వెళ్ళిపోయింది.

మత్తు సూది పడ్డాక లోకం మెత్తబడింది. మరదలి చేతులు అందంగా కదిలాయి. ఇన్ని సెలవు రోజుల సాధన ఊరికే పోలేదు. తవ్వే మెషీను సన్నగా పాడుతోంది. ఉన్నట్టుండి ఆగింది. మరదలు చిన్న దూది ఉండను లోపల అద్ది బయటికి తీసింది. దాని మొన మీద ఎర్రటి చుక్క, బొట్టు పెట్టినంత.

మాస్కు పైన మరదలి కళ్ళు, కుర్చీలో అక్క కళ్ళు కలిశాయి. ఆ ప్రశ్న అక్క ఎన్నిసార్లు అడిగిందో. జవాబు ఇద్దరికీ కంఠతా వచ్చు. మరదలు దూదిని అరచేతిలో నలిపి చెత్తలో వేసింది. గుంట అడుగున తెల్లటి మందు పూత పూసి, ఆరనిచ్చి, అప్పుడు చెయ్యెత్తి పరీక్షకురాలిని పిలిచింది. ఆవిడ అద్దం పెట్టి చూసి, "లోతుగా ఉందే. పూత వేశావా? మంచిది. నింపెయ్" అంది.

పాసైంది. ఫలితం వచ్చిన రోజు తమ్ముడు భార్యను ఎత్తి గిరగిరా తిప్పాడు. అక్క బుగ్గ అప్పటికే బన్నులా పొంగింది.

"సర్దుకుంటుంది వదినా. కొత్త సిమెంటు కదా" అంది మరదలు. మాత్రలు బలమైనవి తెచ్చింది. అక్క వేరే డాక్టరుకు చూపించుకుంటానంటే మాత్రం మరదలి మొహం మారింది. "లైసెన్సు చేతికి రానివ్వండి. ఇప్పుడు ఎవరైనా దాన్ని విప్పి చూశారంటే నా బతుకు బస్టాండే. ఇంతదాకా ఓపిక పట్టారు, ఇంకొంచెం పట్టలేరా?" అప్పుడే మొదటిసారి, కళ్ళలోకి చూసి అడిగింది. అక్క పట్టింది.

లైసెన్సు వచ్చింది. క్లినిక్ వాళ్ళను ఇంటికి భోజనానికి పిలిచారు. వాళ్ళు వచ్చేముందు మరదలు అక్క దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది: "వదినా, మీరు లోపల పడుకోండి. మొహం అలా చూస్తే వాళ్ళేమనుకుంటారు? అందరూ పళ్ళ డాక్టర్లు." అక్క మెషీను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కిటికీ గదిలో అతిథుల సంచులు, కోట్లు పెట్టారు. ఒకప్పుడు రోగితో నవ్విన డాక్టరు, "మా కొత్త డాక్టరమ్మ" అంటూ గ్లాసు ఎత్తడం గోడ ఇవతలికి వినిపించింది. ఆ నవ్వుల్లో తమ్ముడి నవ్వు పైకి తేలింది.

మర్నాడు మరదలు పన్ను తీసేసింది. దాచుకోవాల్సింది ఇక ఏమీ లేదు కదా. ఏ మాటకామాట చెప్పాలి, క్షణాల్లో తీసింది, వేరు ముక్క కూడా మిగల్లేదు. దూది పెట్టి గట్టిగా కొరకమంది, కాసేపు మాట్లాడొద్దంది. తోడు వచ్చిన తమ్ముడు పళ్ళెంలోని పన్ను చూసి బిత్తరపోయాడు.

"ఇంత పాడైందాకా చెప్పకపోతే ఎలా అక్కా?"

"అవును వదినా" అంది మరదలు, చేతి తొడుగులు తీస్తూ. "నొప్పిగా ఉందని ఒక్కసారైనా అన్నారా?"

నోటినిండా దూది. అక్క తమ్ముడికేసి చూసింది. అతను జాలిగా తల ఊపాడు, మొండి మనిషి అన్నట్టు.

మాట వచ్చాక, ఇంట్లో, తమ్ముడు డ్యూటీకి వెళ్ళాక, అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నీకు తెలుసు" అంది.

మరదలు బుకాయిస్తుందనుకుంది. ఏడుస్తుందేమో, కాళ్ళు పట్టుకుంటుందేమో అని కూడా ఎక్కడో అనుకుంది. మరదలు పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది.

"తెలుసు. నాకు తెలుసని మీకూ తెలుసు. మిమ్మల్ని నేనేమైనా కుర్చీకి కట్టేశానా? నొప్పి అంటే అదే రోజు బాగు చేసేదాన్ని, నా ఖర్మ అనుకుని ఇంకోళ్ళను వెతుక్కునేదాన్ని. మీరు అనలేదు. మీకు నేను అడిగి పెట్టే ఆ పాలు కావాలి, నాకు పన్ను కావాలి. ఎవరికి కావలసింది వాళ్ళం తీసుకున్నాం. ఇప్పుడొచ్చి నన్నొక్కదాన్నే దొంగను చేస్తే ఎలా వదినా?"

అక్క తిట్టడానికి మాటల కోసం వెతికింది. దొరికినవన్నీ తనకే తగిలేట్టు ఉన్నాయి.

"నాకెవరున్నారని" అంది చివరికి.

"నాకు మాత్రం?" అంది మరదలు, పొయ్యి మళ్ళీ వెలిగించింది.

కొన్నాళ్ళకు స్నేహితురాలు తన గదిలో ఒక మంచానికి చోటు చేసింది. అక్క వెళతానంటే ఆపుతారేమోనని సామాను రెండు రోజులు సర్దింది. మరదలు వచ్చి సాయం పట్టింది. గాజు సామానుకు పాత పేపర్లు చుట్టింది, బుట్టలు కదలకుండా తాళ్ళు కట్టింది. తమ్ముడు మెట్ల మీద ఆయాసపడుతూ, "ప్రతి వారం రావాలి అక్కా" అన్నాడు. రెండు వారాలు వెళ్ళింది. మూడోసారి వెళ్ళేసరికి తాళం వేసి ఉంది. ఫోను చేస్తే, క్లినిక్‌లో రద్దీగా ఉందని, చెప్పడం మరిచిపోయామని తమ్ముడు అన్నాడు. ఆ తర్వాత వాళ్ళూ పిలవలేదు, ఆవిడా అడగలేదు.

దుకాణంలో కొత్తగా చేరిన, బొత్తాలు కుట్టే పిల్ల ఒక మధ్యాహ్నం బుగ్గ పట్టుకుని మూలుగుతుంటే, మరదలి క్లినిక్ ఎక్కడుందో అక్కే చెప్పింది. స్నేహితురాలు కళ్ళు పెద్దవి చేసింది.

"చెయ్యి మంచిదేనా?" అంది ఆ పిల్ల భయంగా.

"చెయ్యి మంచిదే" అంది అక్క.

మర్నాడు ఆ పిల్ల మొహం విప్పార్చుకుని వచ్చింది. డాక్టరమ్మ ఎంత ఓర్పుగా చూసిందో పని చేసినంతసేపూ చెప్పింది.

"నొప్పి ఉందా అని అడిగిందా?" అంది అక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"అడగడమేంటక్కా, సూది వేయకముందు, వేశాక, మధ్యమధ్యలో కూడా. కొంచెం అనిపించినా చెయ్యెత్తమంది. నేనొకసారి ఉత్తినే ఎత్తితే వెంటనే ఆపేసి, నా భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది."

దారం ఎక్కలేదు. అక్క మొన తడి చేసి మళ్ళీ ఎక్కించింది. ఒక పెద్దమనిషి ప్యాంటు నడుము వదులు చేయాల్సి ఉంది, సాయంత్రానికి కావాలన్నాడు. పాత కుట్టు విప్పడం మొదలుపెట్టింది.